ఆత్మాహుతి దాడులకు కారణం పేదరికమేనా? పదికి మూడు మార్కులు వచ్చాయి

గ్రూప్స్_కర్నూలు, రాత్రి 8:40
అందరికీ నమస్తే. కర్నూలులో రూమ్ తీసుకుని గ్రూప్-1కు చదువుతున్నాను. నిన్న మాక్ టెస్టులో "ఆత్మాహుతి దాడుల చరిత్రను, వాటి వెనుక ఉద్దేశాలను చర్చించండి" అని ఒక ప్రశ్న వచ్చింది. పేదరికం, చదువు లేకపోవడం, మతపిచ్చి, స్వర్గం మీద ఆశ అని నాలుగు హెడ్డింగులు పెట్టి రెండు పేజీలు నింపాను. పదికి మూడు వేశారు. పక్కన ఎర్ర పెన్నుతో "ప్రభాకరన్ ఏ మతం కోసం?" అని రాశారు, అంతే. శ్రీలంకలో తమిళులకు వేరే దేశం కోసం పోరాడిన ఎల్టీటీఈ (తమిళ పులులు) నాయకుడు కదా ఆయన. రాత్రి నిద్ర పట్టలేదు. మార్కుల సంగతి పక్కన పెట్టండి, ఒక మనిషి అలా ఎందుకు చేస్తాడో నిజంగా తెలుసుకోవాలని ఉంది. పెద్దలు చెప్పండి.

కర్నూలు_మాస్టారు, రాత్రి 9:15
బాబూ, నేను హైస్కూల్లో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మీ సార్ సరైన చోటే వేలు పెట్టాడు.

ముందు ఒక తేడా చూడు. చావు తప్పదని తెలిసి పోరాడటం చాలా పాతది. పర్షియాలో 1090లో అలమూత్ కోట పట్టుకున్న హసన్ సబ్బా మనుషులు కత్తితో మంత్రుల్ని, సేనానుల్ని పొడిచేవాళ్లు. పొడిచాక పారిపోవాలని చూసేవాళ్లు కాదు. మన పక్కన కేరళలో 12 ఏళ్లకోసారి తిరునావాయలో మామాంకం అనే ఉత్సవం జరిగేది. వళ్ళువనాడు రాజు పంపిన చావేర్లు, అంటే చావుకు సిద్ధపడ్డ యోధులు, కోళికోడ్ సామూతిరి రాజును చంపాలని అంతమంది సైనికుల మధ్యకు కత్తులు దూసుకుంటూ పోయేవాళ్లు. వాళ్లెవరూ తిరిగిరారని ఇంట్లో అందరికీ తెలుసు. మన సీమలో ఊరికొక వీరగల్లు ఉంటుంది, అదీ ఈ కోవలోదే. కానీ వీళ్లందరి విషయంలో చంపేది కత్తి. వీరుడు చచ్చేది ఆ తర్వాత, ఎదుటివాడి చేతిలో.

చంపడమూ చావడమూ ఒకే క్షణంలో జరగాలంటే పేలుడు పదార్థం కావాలి. నోబెల్ డైనమైటుకు పేటెంట్ తీసుకున్నది 1867లో. 1881 మార్చిలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రష్యా చక్రవర్తి జార్ రెండో అలెగ్జాండర్ బండి మీద విప్లవకారులు బాంబు వేశారు. మొదటి బాంబుకు జార్ బతికాడు, గాయపడినవాళ్లను చూద్దామని బండి దిగాడు. రెండోవాడు గ్రినెవిట్‌స్కీ ఆయన కాళ్ల దగ్గరే బాంబు వేశాడు. ఇద్దరూ పోయారు. అతను మతం కోసం చేయలేదు, తిండిలేక చేయలేదు. ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు.

ఇంకొక్కటి చెప్పకుండా ఉండలేను. 1905లో అదే రష్యాలో కల్యాయెవ్ అనే యువకుడు జార్ కుటుంబానికి చెందిన గ్రాండ్ డ్యూక్ సెర్గేయ్ బండి మీద బాంబు వేయబోయి చేయి దించేశాడు. బండిలో డ్యూక్ భార్య, తమ్ముడి పిల్లలు ఉన్నారు. రెండు రోజులాగి డ్యూక్ ఒక్కడే ఉన్నప్పుడు వేశాడు, ఉరికంబం ఎక్కాడు. హత్యను నేను సమర్థించను. కానీ అక్కడి నుంచి సంతలో, బస్సులో, గుడిలో, మసీదులో పేల్చే రోజులదాకా ఎలా వచ్చామన్నదే ఈ చరిత్రలో అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

గ్రూప్స్_కర్నూలు, రాత్రి 9:31
మాస్టారూ, మరి జపాన్ వాళ్లు? కమికజేలను ఇందులో కలపొచ్చా? వాళ్లు సైనికులు కదా.

కర్నూలు_మాస్టారు, రాత్రి 10:05
కలపాలి, కానీ పక్కగా పెట్టాలి. వాళ్లది ప్రభుత్వం నడిపిన పని, కొట్టింది యుద్ధనౌకల్ని. 1944 అక్టోబరు 25న ఫిలిప్పీన్స్ దగ్గర లేతే యుద్ధంలో అడ్మిరల్ ఒనిషి పంపిన దళం విమానాలతో సహా అమెరికా నౌకల మీద పడింది. సెయింట్ లో అనే విమాన వాహక నౌక మునిగిపోయింది. కమికజే అంటే దైవ పవనం. 1274లోనూ 1281లోనూ కుబ్లాయ్ ఖాన్ పడవలను ముంచిన తుఫాన్ల పేరు అది. యుద్ధం ముగిసేలోపు దాదాపు 3,800 మంది పైలట్లు ఇలా పోయారు.

వాళ్లలో చాలామంది యూనివర్సిటీ క్లాసుల్లోంచి లాక్కొచ్చిన పిల్లలు. చిరాన్ అనే ఊళ్లో మ్యూజియంలో వాళ్ల ఆఖరి ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. చక్రవర్తి గురించి రాసింది అధికారులు చదువుతారని. అమ్మ గురించి రాసింది మనసులోంచి. "ఎవరు ముందుకొస్తారు?" అని నలుగురి ముందు నిలబెట్టి అడిగితే, పక్కవాడు అడుగు ముందుకు వేశాక వెనక్కి తగ్గే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? దీన్ని స్వచ్ఛందం అంటామా? నలభై మంది పిల్లల ముందు చెయ్యెత్తమని అడిగిన టీచరుగా చెప్తున్నా, ఆ ఒత్తిడి నాకు తెలుసు.

మాజీ_జవాన్_కడప, రాత్రి 10:40
సార్, నేను మన భారత శాంతి సేనలో శ్రీలంక పోయినవాణ్ణి. 1987 అక్టోబరులో జాఫ్నాలో ఉన్నాను. అప్పుడు నాకు 21 ఏళ్లు. మాది కడప దగ్గర పల్లె. మద్రాస్ రెజిమెంటులో చేరడంతో నాకు అరవం వచ్చు.

పులులు ట్రక్కుతో మొదటి ఆత్మాహుతి దాడి చేసింది మేం దిగకముందు, జూలై 5న. మిల్లర్ అని పేరు పెట్టుకున్న కుర్రాడు నెల్లియడిలో సింహళ సైన్యం దిగిన బడి మీదికి ట్రక్కు తోలాడు. అక్కడి నుంచే కరుంపులులు, అంటే నల్లపులులు మొదలయ్యారు. అదే ఏడాది సెప్టెంబరు 26న తిలీపన్ అనేవాడు నల్లూరు గుడి దగ్గర నీళ్లు కూడా ముట్టకుండా నిరాహారదీక్ష చేసి చచ్చిపోయాడు. అతనూ ఆ సంస్థవాడే. మూడు నెలలు తిరగకుండానే ఒకడు గాంధీ దారిలో పోయాడు, ఒకడు ట్రక్కులో పోయాడు. ఇద్దరి ఫొటోలూ ఒకే గోడ మీద పక్కపక్కన ఉండేవి. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఒకసారి సోదాలో 16 ఏళ్ల పాపను పట్టుకున్నాం. మెడలో నల్లదారం, దానికి సయనైడ్ కుప్పి. మా ఊళ్లో ఆ వయసు పిల్లలు మెడలో తాయెత్తు కట్టుకుంటారు. నేను ఆమెను "ఎందుకమ్మా?" అని అరవంలో అడిగాను. "మీరు ఎందుకు వచ్చారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నంద్యాల_లెక్చరర్, రాత్రి 11:02
అన్నా, మీరు చెప్పింది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ పాప ఏమైంది?

తమిళం గురించి మాటొచ్చింది కాబట్టి పదాల సంగతి చెప్తాను. నేను తెలుగు లెక్చరర్ని. తమిళంలో ఆత్మహత్యను తర్కొలై అంటారు. పులులు ఆ మాట వాడనిచ్చేవాళ్లు కాదు, తర్కొడై అనేవాళ్లు. కొలై అంటే చంపడం, కొడై అంటే దానం. ఒక్క అక్షరం మారిస్తే హత్య దానమైపోయింది. అరబీలోనూ ఇంతే, ఇంతిహార్ అంటే ఆత్మహత్య, ఇస్తిష్‌హాద్ అంటే అమరత్వం కోరడం. జపాన్ సైన్యం తొక్కో అనింది, ప్రత్యేక దాడి అని అర్థం. పంపేవాళ్లందరూ ముందు మార్చింది పేరునే.

మరి మనం? ఏ తెలుగు పేపరు చూసినా ఆత్మాహుతి దాడి అనే రాస్తారు. ఆహుతి అంటే హోమంలో దేవుడికి వేసేది, పవిత్రమైన మాట. సంతలో కూరగాయలు కొంటున్న ఆడవాళ్లను చంపినవాడికి మన భాష ఆ మాట ఎందుకు ఇవ్వాలి? మానవ బాంబు అన్నా నాకు నచ్చదు, అందులో మనిషి వస్తువైపోతాడు. సరైన మాట నాకూ దొరకలేదు. కానీ రాసేటప్పుడు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగితే బాగుంటుంది.

సీమ_పల్లె, రాత్రి 11:20
మేడమ్, ఆహుతి మాట గురించి బాగా చెప్పారు. కానీ పొట్టి శ్రీరాములు గారిదీ ఆత్మార్పణమే అంటాం కదా. 58 రోజులు తినకుండా 1952 డిసెంబరు 15న పోయారు. ఆయన చావు వల్లే కదా మన కర్నూలు 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ప్రాణం పెట్టి పని సాధించడం తప్పని మనమెట్లా అంటాం?

నంద్యాల_లెక్చరర్, రాత్రి 11:34
తప్పని అనను. శ్రీరాములు గారు ఎదుటివాడి మనస్సాక్షి మీద భారం పెట్టారు. ఆ 58 రోజుల్లో ఏ రోజైనా ప్రభుత్వం మనసు మార్చుకుంటే ఆయన బతికేవారు. పేల్చుకునేవాడు ఎవరికీ ఆ అవకాశం ఇవ్వడు, తనకు కూడా ఇచ్చుకోడు. నాకు కనిపించే తేడా ఇది. తిలీపన్ సంగతి మాత్రం జవాన్ అన్న చెప్పినట్టు నాకూ అర్థం కాలేదు.

నిర్వాహకులు, రాత్రి 11:50
ఒక సభ్యుడు బాంబు బెల్టు ఎలా ఉంటుంది, ఏం వాడతారు అని అడిగిన పోస్టు తీసేశాం. చరిత్ర, కారణాలు మాట్లాడండి. తయారీ గురించి ఒక్క వాక్యం కూడా ఇక్కడ వద్దు.

పెద్దదర్గా_వీధి, ఉదయం 6:10
ఫజర్ నమాజ్ చేసి వచ్చి చదివాను. మాది కడప. ఒక మాట చెప్పుకోవాలి.

2005 అక్టోబరు 12, దసరా రోజు. హైదరాబాద్ బేగంపేటలో పోలీస్ టాస్క్‌ఫోర్స్ ఆఫీసులో ఒకడు పేల్చుకున్నాడు. చనిపోయింది ఒక హోంగార్డు. నేను అప్పుడు హైదరాబాద్‌లోనే ఉద్యోగం చేస్తున్నాను. వారం తిరగకముందే ఇంటి ఓనరు "ఏమీ అనుకోవద్దు బాబూ, మా ఆడవాళ్లు భయపడుతున్నారు" అని రూమ్ ఖాళీ చేయించాడు. మంచి మనిషే, అడ్వాన్సు మొత్తం తిరిగిచ్చాడు. ఆయన కళ్లలోకి చూడలేక సామాన్లు ఆటోలో వేసుకుని వచ్చేశాను.

"మిమ్మల్ని మీరు చంపుకోకండి" అని ఖురాన్‌లో ఉంది. ఆత్మహత్య హరామ్ అని మాకు చిన్నప్పుడే నేర్పుతారు. 2008 ఫిబ్రవరిలో దేవ్‌బంద్‌లో వేలమంది ఉలేమాలు (మత పండితులు) కూర్చుని టెర్రరిజం ఇస్లాంకు వ్యతిరేకమని ప్రకటించారు. అది మొదటి పేజీలో చదివినవాళ్లు ఎంతమంది?

అలాగని మతం పాత్రే లేదని నేను అనను, అది అబద్ధమవుతుంది. నా మతం పేరు చెప్పి, నేను చదివే అక్షరాలే చదివి, జనాన్ని చంపినవాళ్లు వేలమంది ఉన్నారు. అందులో ఎక్కువమంది చంపింది ముస్లింలనే. ఇరాక్‌లో కర్బలా యాత్రికుల్ని, పాకిస్తాన్‌లో దర్గాల్ని పేల్చారు. మా పెద్దదర్గాలో ఉరుసుకు హిందువులూ ముస్లింలూ కలిసి వస్తారు కదా, అలాంటి చోట్లనే. 2017 ఫిబ్రవరిలో సెహ్వాన్‌లో లాల్ షాబాజ్ ఖలందర్ దర్గాలో ధమాల్ (భక్తుల నాట్యం) జరుగుతుండగా పేల్చుకున్నాడు ఒకడు. 80 మందికి పైగా పోయారు. ఆ రాత్రి మా అమ్మ అన్నం తినలేదు.

కర్నూలు_మాస్టారు, ఉదయం 7:25
భయ్యా, మీరు ఇది రాసినందుకు కృతజ్ఞతలు. కుర్రాడికి ఇదే నేర్పాలి. ఏదో ఒక్కటే కారణమని చెప్పినవాళ్లను నమ్మకు బాబూ.

షికాగో విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ రాబర్ట్ పేప్ 1980 నుంచి 2003 వరకు జరిగిన 315 దాడులు లెక్కపెట్టాడు. అందులో 76 పులులవే, ఏ ఇతర సంస్థ కన్నా ఎక్కువ. పులుల్లో ఎక్కువమంది హిందూ కుటుంబాలవాళ్లు, కానీ పోరాటం మతం పేరు మీద కాదు, ఈలం అనే వేరే తమిళ దేశం కోసం. లెబనాన్‌లో 1985లో ఇజ్రాయెల్ సైన్యం మీదికి కారు తోలిన 16 ఏళ్ల సనా మెహైద్లీ ఒక లౌకిక పార్టీ మనిషి. పంజాబ్ ముఖ్యమంత్రి బియాంత్ సింగ్‌ను 1995 ఆగస్టు 31న చండీగఢ్‌లో చంపినవాడు సిక్కు. పేప్ చెప్పింది ఏమిటంటే, తమ నేల మీద పరాయి సైన్యం ఉందనే భావన, ఆ సైన్యాన్ని పంపింది ప్రజల ఓట్లకు లోబడే ప్రభుత్వం కావడం. ఈ రెండూ కలిసినచోట ఈ ఆయుధం బయటికొస్తుంది.

ఆ లెక్కకు పునాది లెబనాన్ రాజధాని బీరూట్. 1983 అక్టోబరు 23న ఒక ట్రక్కు అమెరికా మెరైన్ల బ్యారక్స్ మీద పడి 241 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. కొన్ని నిమిషాల్లో ఇంకో చోట 58 మంది ఫ్రెంచి సైనికులు. 1984 ఫిబ్రవరిలో మెరైన్లు వెళ్లిపోయారు. బలహీనుడు బలవంతుణ్ణి వెళ్లగొట్టగలడని ప్రపంచంలో ప్రతి సాయుధ ముఠా ఆ రోజు రాసి పెట్టుకుంది.

కానీ పేప్ మాట కూడా అంతటా అతకదు. 2003 తర్వాత ఇరాక్‌లో ఈ దాడులకు బలైనవాళ్లలో ఎక్కువమంది ఇరాకీలే, పరాయి సైనికులు కాదు. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ రోజు శ్రీలంక చర్చిల్లో, కొలంబో హోటళ్లలో పేల్చిన స్థానిక యువకులకు ఏ పరాయి సైన్యం మీద కోపం? ఇద్దరు అన్నదమ్ములు మసాలా దినుసుల వ్యాపారి కొడుకులు, కోటీశ్వరుల ఇంటి పిల్లలు. నీ పేదరికం హెడ్డింగు అక్కడే కూలిపోతుంది.

అనంతపురం_సిస్టర్, మధ్యాహ్నం 1:15
డ్యూటీలో లంచ్‌కు వచ్చి రాస్తున్నాను. నేను మానసిక వైద్య విభాగంలో నర్సుని. అనంతపురంలో వేరుశనగ ఎండిపోయి, అప్పులై, పురుగుమందు తాగినవాళ్లను చాలామందిని చూశాను. బతికొచ్చినవాళ్లు ఒకటే మాట చెప్తారు, "ఎవరికీ భారం కాకూడదనుకున్నా" అని. వాళ్లకు ఎదుటివాడి మీద పగ ఉండదు. పేదరికమే మనిషిని బాంబు చేసేట్టయితే మన జిల్లా ఏనాడో మండిపోయి ఉండాలి.

అయితే బాధపడే మనసును కనిపెట్టి వాడుకునేవాళ్లు ఉంటారు. ఇజ్రాయెల్ సైకాలజిస్టు ఏరియల్ మెరారీ దాడికి బయలుదేరి పట్టుబడినవాళ్లతో జైల్లో మాట్లాడాడు. కొందరిలో డిప్రెషన్ లక్షణాలు, ఎవరేం చెప్తే దానికి తలూపే గుణం కనిపించాయి. పంపినవాళ్ల మనసు మాత్రం గట్టిగా ఉంది. ఆయన మాటను ఒప్పుకోని పరిశోధకులు చాలామంది ఉన్నారు, వీళ్లు పిచ్చివాళ్లు కారని, స్నేహమే దారి అని వాళ్లంటారు. 2005 జూలై 7న లండన్‌లో 52 మందిని చంపిన నలుగురిలో పెద్దవాడు అంతకుముందు బడిలో పిల్లలకు సాయం చేసే ఉద్యోగం చేసినవాడు. తక్కినవాళ్లలో ఇద్దరు అతని ఊరి కుర్రాళ్లే. స్నేహితులు ఒకరినొకరు తోసుకుంటూ పోయారు.

నంద్యాల_లెక్చరర్, మధ్యాహ్నం 2:40
సిస్టర్ చెప్పినదానికి ఆడవాళ్ల సంగతి కలుపుతాను. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ కాళ్లకు మొక్కడానికి వంగినట్టు వంగి పేల్చుకుంది పులులు పంపిన ధను. ఆయన ఆ రోజు విశాఖపట్నం నుంచే మద్రాసుకు వెళ్లాడు. మళ్లీ ప్రధాని అయితే శ్రీలంకకు మన సైన్యాన్ని మరోసారి పంపుతాడని పులుల భయం. అది లెక్క వేసి చేసిన హత్య. కానీ ధను పేరెత్తగానే ఆమెకు ఏం అన్యాయం జరిగింది, ఎవరు చెరిచారు అనే వెతుకులాట మొదలవుతుంది. మగవాడు చేస్తే రాజకీయం, ఆడది చేస్తే సొంత గాయం. ఆమెకూ ఒక రాజకీయం ఉండొచ్చని ఒప్పుకోవడానికి మనకు మనసు రాదు.

ఇంకో వైపు నైజీరియా చూడండి. 2014 నుంచి అక్కడి ఉగ్రవాద సంస్థ బోకో హరామ్ చిన్న ఆడపిల్లలకు బాంబు కట్టి సంతలకు పంపింది. కొందరు పిల్లలు సైనికుల దగ్గరికి పోయి చేతులెత్తి మమ్మల్ని కాపాడండి అన్నారు. వాళ్ల ఉద్దేశం ఏమిటని అడగడమే పాపం. ఆ దాడులను ఈ పేరుతో లెక్కల్లో కలపడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

సీమ_పల్లె, సాయంత్రం 5:30
నేను రాత్రి నుంచి రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నా. రాస్తాను.

మా తాత ఫ్యాక్షన్‌లో పోయాడు. నాయకుడి పేరు, ఊరి పేరు చెప్పను. గోనెసంచిలో నాటు బాంబులు పెట్టుకుని నాయకుడి జీపు వెనకాల పోయేవాడంట. "నువ్వు పోతే నీ పిల్లలు నా పిల్లలు" అని నాయకుడు మాటిచ్చాడు. ఆ మాట కోసమే మా తాత బతికాడు, ఆ మాట కోసమే చచ్చాడు. శవం ఇంటికొచ్చిన రోజు నాయకుడు వచ్చి రెండు నిమిషాలు నిలబడి, మా అవ్వ చేతిలో డబ్బు పెట్టి పోయాడు. ఆయన పిల్లలు బెంగళూరులో చదువుకున్నారు. మా నాయన మాత్రం ఏడో తరగతిలో బడి మానేసి గొర్లకు పోయాడు.

మా తాతది ఆత్మాహుతి కాదు, తెలుసు. తిరిగొస్తాననే పోయాడు. కానీ మీరు చెప్పేవన్నీ చదువుతుంటే ఆ మాటే వినపడుతోంది. పంపేవాడు ఎక్కడైనా ఒకటే. వాడు పోడు.

కర్నూలు_మాస్టారు, సాయంత్రం 6:05
నాయనా, నీ బాధ ముందు చరిత్ర పాఠం చెప్పడం కష్టంగా ఉంది. అయినా నిజం చెప్పాలి, ఎందుకంటే పంపేవాడు పోడనేది అన్నిచోట్లా నిజం కాదు. ఒనిషి 1945 ఆగస్టు 16న, జపాన్ లొంగిపోయిన మర్నాడు, కడుపు కోసుకుని చచ్చాడు. అంతకుముందు రోజు, చక్రవర్తి లొంగుబాటు ప్రకటన విన్నాక కూడా, కమికజేలను పంపిన మరో అడ్మిరల్ ఉగాకి తానే విమానం ఎక్కి పోయాడు. ప్రభాకరన్ పెద్దకొడుకు 2009లో యుద్ధంలోనే చనిపోయాడు. తనూ పోయాడు. వాళ్లు మోసగాళ్లయితే అర్థం చేసుకోవడం తేలికయ్యేది. వాళ్లు నమ్మారు. నమ్మినవాడు పిల్లల్ని చావుకు పంపితే ఆపడం మరీ కష్టం.

సీమ_పల్లె, సాయంత్రం 6:20
సరే మాస్టారూ. ఒప్పుకుంటా. అయినా మా నాయకుడు మాత్రం ఎనభై ఏళ్లు బతికాడు.

గ్రూప్స్_కర్నూలు, రాత్రి 8:15
అందరికీ దండాలు. జవాబు మళ్లీ రాశాను. ఈసారి మొదటి పేరా ఇలా పెట్టాను, చూడండి:

"ఆత్మాహుతి దాడికి ఉద్దేశం ఒకటి కాదు, రెండు. పంపినవాళ్లది ఒకటి, వెళ్లినవాళ్లది ఒకటి. పంపిన సంస్థకు ఇది తక్కువ ఖర్చుతో ఎక్కువ భయం పుట్టించే ఆయుధం. పట్టుబడి రహస్యం చెప్పే మనిషి మిగలడు. వెళ్లినవాడికి ఇది స్నేహం, పగ, పరువు, నమ్మకం, నిరాశ, లేదా బలవంతం. ఈ రెంటినీ కలిపేది కీర్తి. వీడియో, గోడ మీద ఫొటో, ఏటా పూలదండ. పులులు నవంబరు 27ను వీరుల దినంగా జరిపింది అందుకే."

మాస్టారూ, ఒక్క అనుమానం. ఈ ఆయుధం చివరికి గెలిచిందా?

కర్నూలు_మాస్టారు, రాత్రి 8:50
మొదటి పేరాకే నేను ఐదు వేస్తాను. గెలుపు సంగతి: బీరూట్‌లో గెలిచింది. 1945లో జపాన్ దీవి ఒకినావాలో దాదాపు 4,900 మంది అమెరికా నావికులు పోయారు, ఎక్కువమంది కమికజే విమానాలవల్లే, అయినా జపాన్ ఓడింది. జార్‌ను చంపినందుకు రష్యాకు స్వేచ్ఛ రాలేదు, అతని కొడుకు ఇంకా కఠినంగా పాలించాడు. పులులు ఒక మాజీ ప్రధానిని, 1993లో ఒక శ్రీలంక అధ్యక్షుణ్ణి చంపారు. నీలన్ తిరుచెల్వం లాంటి సొంత తమిళ మేధావిని కూడా 1999లో ఇలాగే చంపారు. తమిళుల హక్కుల కోసం రాజ్యాంగ ముసాయిదా రాసిన మనిషి ఆయన. రాజీవ్ హత్యతో తమిళనాడులో ఉన్న సానుభూతి పోయింది. 2009 మేలో ముల్లైతీవు తీరంలో అంతా ముగిసింది. ఈలం రాలేదు.

అనంతపురం_సిస్టర్, రాత్రి 9:10
జవాన్ అన్నా, మేడమ్ నిన్న అడిగారు. ఆ కుప్పి కట్టుకున్న పాప ఏమైంది?

మాజీ_జవాన్_కడప, రాత్రి 9:55
చూశానమ్మా. రాయడానికి చెయ్యి రాలేదు.

కుప్పి మేం ముందే తెంపేశాం. రెండు రోజులు మా క్యాంపులో ఉంది. మా వంటాయన ఉప్మా పెడితే ముట్టలేదు. రెండో రోజు సాయంత్రం టీ మాత్రం తాగింది. మూడో రోజు వాళ్లమ్మ వెతుక్కుంటూ వచ్చింది. ఒక చేతిలో కూతురి స్కూలు సంచి. ట్యూషన్‌కు పోతున్నానని చెప్పి నెల కిందట ఇల్లు దాటిందంట. మా కెప్టెన్ సంతకం తీసుకుని పంపించాడు. గేటు దాటేదాకా వాళ్లమ్మ ఆ పిల్ల మణికట్టు వదల్లేదు.

తర్వాత 1991 మేలో పేపర్లో ధను ఫొటో వచ్చినప్పుడు, నేను లీవులో మా ఊళ్లోనే ఉన్నా. ఆ ఫొటో ముందు చాలాసేపు కూర్చున్నా. ఆమె కాదు. కాదని తెలిశాక కూడా మళ్లీ మళ్లీ చూశా.